మా యంత్రాన్ని మొదట కాదన్నాయన

పోయిన మంగళవారం పొద్దున తెనాలిలో మా షెడ్డు తాళం తీస్తుంటే రేపల్లె నుంచి ఫోను వచ్చింది. ఆఫీసరు గారి భార్య. ఆవిడని నేను పిన్నిగారూ అంటాను. "అమ్మాయ్, మీ ఆఫీసరు గారు వెళ్లిపోయారమ్మా. కాఫీ ఇద్దామని లేపితే లేవలేదు," అన్నారు. ఆవిడే మళ్లీ, "కంగారుపడి పరుగెత్తుకు రాకు, తిని బయల్దేరు," అని పెట్టేశారు.

తినలేదు. దొరికిన రైలెక్కి రేపల్లె వెళ్లాను. వేమూరు దాటాక కిటికీ పక్కన చోటు దొరికింది. ఆయన నాకు ఏమవుతారని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అని అక్కడ కూర్చుని ఆలోచించాను. చుట్టం కాదు. నాకు చదువు చెప్పలేదు. మా వ్యాపారంలో పైసా పెట్టలేదు. నేను తయారుచేసిన యంత్రం చెల్లదని కాగితం మీద రాసి సంతకం పెట్టిన మొదటి మనిషి ఆయన.

ఆ యంత్రం సంగతి కొంచెం చెప్పాలి. బాపట్లలో ఇంజనీరింగు చదివేటప్పుడు నా స్నేహితురాలి పెళ్లికని ఈపురుపాలెం వెళ్లాను. వాళ్ల ఎదురింట్లో సుబ్బాయమ్మ గారని ఒకావిడ గుంట మగ్గం మీద చీర నేస్తున్నారు. మగ్గానికి పైన జకార్డు పెట్టె ఉంటుంది. చీరలో పువ్వో హంసో రావాలంటే ఆ పెట్టె దారాల్ని పైకెత్తాలి. ఆ పెట్టెని ఎత్తేది ఒక కాలి తొక్కుడు. అడ్డదారం తీసుకెళ్లే నాడెని విసిరిన ప్రతిసారీ తొక్కాలి. రోజంతా తొక్కాలి. పెళ్లివారి పిలుపు అందుకుని ఆవిడ గుంటలోంచి లేవబోతే ఇద్దరు పట్టుకుని లేపాల్సి వచ్చింది. "ఏంటి పెద్దమ్మా, కాలికి దెబ్బ తగిలిందా?" అన్నాను. "దెబ్బ కాదమ్మాయ్, చీరలు," అన్నారావిడ.

ఆ మాట నన్ను వదల్లేదు. చదువు అయ్యాక నేనూ, నా క్లాస్‌మేట్ కిరణూ తెనాలిలో ఒక రేకుల షెడ్డు అద్దెకి తీసుకుని ఏడాదిన్నర కష్టపడ్డాం. చిన్న మోటారు, ఒక బ్యాటరీ, ఒక సర్క్యూటు. కాలి బొటనవేలితో మీటని తాకితే చాలు, జకార్డు పెట్టెని మోటారే ఎత్తుతుంది. మిగతా నేత అంతా చేత్తోనే. మొదటిది సుబ్బాయమ్మ గారి మగ్గానికే బిగించాం. ఆ సాయంత్రం ఆవిడ ఎవరి సాయం లేకుండా గుంటలోంచి లేచి, మాకు టీ పెట్టారు.

అప్పట్లో ఎక్కడ విన్నా స్టార్టప్ మాటే. విజయవాడలో ఒక పెద్ద సభకి మమ్మల్నీ పిలిచారు. మెడలో కార్డులు వేశారు. ప్రభుత్వం కొత్త విధానం తెచ్చింది, మీలాంటి వాళ్ల కోసమే అన్నారు. మేం నమ్మాం. ఆ నమ్మకంతోనే యంత్రానికి గుర్తింపు కోసం బాపట్లలో చేనేత వాళ్ల ఆఫీసుకి వెళ్లాం.

ఆఫీసరు గారు సన్నగా, పొట్టిగా ఉండేవారు. మేమిచ్చిన రంగు రంగుల కాగితాలన్నీ తిరగేసి, వెనకవైపు ఏమైనా రాసుందేమో కూడా చూశారు. అది ఆయన అలవాటని తర్వాత తెలిసింది. పకోడీ పొట్లం విప్పినా ఆ కాగితం రెండు వైపులా చదివిగాని పారేసేవారు కాదు.

"మోటారు ఉందామ్మా ఇందులో?" అన్నారు.

"ఉందండి. చాలా చిన్నదండి."

"చిన్నదైనా మోటారేగా. కరెంటుతో నడిచే మగ్గం చేనేత మగ్గం కాదని రూలు. నేను ఒప్పుకోలేనమ్మా."

"సార్, నేసేది మనిషేనండి! మీరొకసారి చూస్తే..."

"రూల్లో 'చూస్తే' అన్న మాట లేదమ్మా," అన్నారు. రాసి, సంతకం పెట్టి, మా కాగితాలు వరస తప్పకుండా సర్ది ఇచ్చారు.

నెల తిరక్కుండా అసలు దెబ్బ తగిలింది. మోటారు పెడితే చేనేత జాబితాలోంచి పేరు తీసేస్తారని, పింఛను ఆగిపోతుందని ఈపురుపాలెంలో మాట పాకింది. ఆయన రాసిన ప్రకారం అది అబద్ధమూ కాదు. మేం వెళ్లేసరికి సుబ్బాయమ్మ గారు యంత్రాన్ని మగ్గం మీంచి విప్పించి, తుడిచి, పాత చీరలో చుట్టి అరుగు మీద పెట్టారు. "కాలిదేముందమ్మాయ్, అలవాటైనదే. చేనేత కార్డు పోతే నేనెవర్ని?" అన్నారు.

ఆ మూట చేత పట్టుకునే బస్సెక్కి తిన్నగా బాపట్ల ఆఫీసుకి వెళ్లాను. ఏం మాట్లాడానో నాకు సరిగా గుర్తులేదు. గట్టిగానే మాట్లాడాను. పక్క గదిలో వాళ్లు తలుపు దగ్గరికి వచ్చి చూశారు. ఆయన అంతా విని, "నన్ను తిట్టేసి వెళ్లిపోతే మీకు కోపం తీరుతుంది. మీ యంత్రం మాత్రం ఆ చీరలోనే ఉంటుంది. కూర్చోండమ్మా," అన్నారు.

కూర్చున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మరమగ్గం బట్టకి చేనేత ముద్ర వేసి అమ్మిన కొట్లని ఆయన ఊరూరా తిరిగి పట్టుకున్నారట. ఆ బట్ట మూలంగా మగ్గాలు దింపేసుకుని కూలికి పోయిన ఇళ్లు ఆయనకి పేరుపేరునా తెలుసు. "ఆ రూలు పెట్టింది నేను కాదు. కానీ అది లేకపోతే ఏమవుతుందో చూసినవాణ్ణి. అందుకే మోటారు అనగానే నాకు భయం," అన్నారు. తర్వాత కళ్లజోడు తుడిచి పెట్టుకుని, "ఆదివారం నాకు సెలవు. ఆవిడ మగ్గం చూపిస్తారా?" అన్నారు.

జీపులో రాలేదు. బస్సులో వచ్చారు. చెప్పులు విప్పి, పంచె ఎగ్గట్టి, సుబ్బాయమ్మ గారి గుంటలోకి ఆయనే దిగారు. నాడె విసరడం ఆయనకి వచ్చు. తొక్కుడు దగ్గరే తేలిపోయారు. పావుగంటకి చొక్కా తడిసిపోయింది. అరగంటకి, "అమ్మా, నన్ను పైకి లాగండి," అన్నారు.

సుబ్బాయమ్మ గారు చెయ్యి అందించకుండా నవ్వుతూ నిలబడ్డారు. "ఇంకో మూర నెయ్యండి బాబూ, మీకూ పింఛను రాయిస్తాను."

ఆయనా నవ్వారు. ఆయన నవ్వగా చూడ్డం నాకదే మొదలు. తర్వాత మా యంత్రం బిగింపించి, ఆవిడ చేత నేయించి చూశారు. ఏది చెయ్యి చేస్తోంది, ఏది మోటారు చేస్తోంది అని ఒక కాగితం మధ్యకి మడిచి అటొకటి ఇటొకటి రాసుకున్నారు. ఎడమవైపు నిండిపోయింది. కుడివైపు ఒకటే మాట ఉంది, ఎత్తడం.

ఎత్తే మోటారు ఉన్నా చేనేత మగ్గంగానే లెక్కించమని పైవాళ్లకి అర్జీ ఎలా రాయాలో నాకు నేర్పింది ఆయనే. నేను రాసుకెళ్లిన దాంట్లో 'విప్లవాత్మకమైన' అన్న మాట కొట్టేశారు. 'వినూత్న' కొట్టేశారు. "మీ యంత్రం ఎంత గొప్పదో రాయకండి. చదివే ఆయనకి మీ యంత్రం అక్కర్లేదు. ఆవిడ మోకాలి గురించి రాయండి. మోకాలు ఆయనకీ ఉంటుంది," అన్నారు.

ఆ అర్జీ మూడేళ్లు తిరిగింది. చదివిన అధికారి బదిలీ అయ్యేవారు, కొత్తాయన మొదటినుంచీ అడిగేవారు. మధ్యలో ప్రభుత్వం మారింది, విధానం పేరు మారింది, ఫారాలు మారాయి. కొత్త ఫారంలో ఎన్ని ఉద్యోగాలు ఇస్తారు అని ఒక గడి, ఎన్ని రాష్ట్రాలకి విస్తరిస్తారు అని ఒక గడి. ఉన్న పనిని ఎంతమంది చేతుల్లో నిలబెడతారు అన్న గడి ఎక్కడా లేదు. కిరణ్ ఇంట్లో పరిస్థితి బాగాలేక హైదరాబాదులో ఉద్యోగానికి వెళ్లిపోయాడు. వెళ్లేరోజు షెడ్డు తనే ఊడ్చి, సామాన్లు సర్ది వెళ్లాడు. నేను ఇన్వర్టర్లు బాగుచేసుకుంటూ షెడ్డు నిలుపుకున్నాను. మానేద్దామని చాలాసార్లు అనిపించింది. అలా అనిపించినప్పుడల్లా ఆఫీసరు గారికి ఎలా తెలిసేదో, ఫోను చేసేవారు. "కాగితం ఇవాళ ఫలానా బల్ల మీదుందమ్మా," అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసేవారు. ఈలోగా ఆయన రిటైరై రేపల్లె సొంతింటికి వెళ్లిపోయారు. అయినా ఆ ఫోన్లు మానలేదు. "ఇంకా ఎందుకండీ మీకీ తిప్పలు?" అంటే, "కాదని రాయడానికి నాకు పది నిమిషాలు పట్టిందమ్మా. అవునని రాయించడానికి ఇంత పడుతోంది. ఆ తేడా నాకూ తెలియాలి కదా," అన్నారు.

చివరికి ఒక కమిటీ చీరాల వచ్చింది. అక్కడ ఒక మగ్గానికి యంత్రం బిగించి, సుబ్బాయమ్మ గారి చేత నేయించి చూపించాను. వెనక వరసలో నిలబడ్డ ఆఫీసరు గారిని చూసి, "మీరెవరండీ?" అని అడిగారు కమిటీ పెద్దాయన.

"ఈ యంత్రాన్ని మొదట కాదన్నవాణ్ణండి."

ఆయన నెమ్మదిగా చెప్పారు. "రూలు ప్రకారం ఆ రోజు నేను రాసింది తప్పు కాదండి. కానీ మగ్గం చూడకుండా రాశాను. చూశాక తెలిసింది, ఇది చేతి పనిని తీసెయ్యట్లేదు, చెయ్యగలిగిన ఏళ్లని పెంచుతోంది. దీనికి అనుమతి ఇవ్వండి. అయితే ఒక్క షరతు పెట్టండి. ఈ మోటారు ఎత్తడానికి తప్ప, నాడెకి గానీ, పోగుని దగ్గరికి కొట్టే పలకకి గానీ ఎప్పటికీ తగిలించకూడదు."

నాడెని కూడా విసిరే యంత్రం బొమ్మ అప్పటికే నా పుస్తకంలో ఉంది. దాన్ని నమ్మి ఒక హైదరాబాదు సంస్థ మాలో పెట్టుబడి పెడతానంది. ఆ సంగతి ఆయనకి నేనే చెప్పాను.

బయటికి వచ్చాక, "ఒక చేత్తో ఒక తలుపు తీసి ఇంకో చేత్తో రెండోది వేసేశారు మీరు," అన్నాను.

"ఆ రెండో తలుపులోంచి వచ్చేది మీరొక్కరే కాదమ్మా," అన్నారాయన.

అనుమతి వచ్చింది. ప్రయోగంగా, ఆ షరతుతో. హైదరాబాదు వాళ్లు వెనక్కి తగ్గారు. ఆరు నెలలు నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయన ఫోను చేస్తే తీయలేదు. ఇప్పుడు నన్ను కోసేది ఆ ఆరు నెలలే.

మళ్లీ వెళ్లింది ఎందుకంటే, ఒకరోజు ఈపురుపాలెంలో యంత్రం బిగిస్తుంటే ఆ ఇంటి ముసలాయన, "ఇది ఎత్తుతుందంతేగా? నెయ్యదుగా?" అని అడిగారు. నెయ్యదండీ, నేసేది మీరే అన్నాను. అప్పుడుగాని ఆయన మగ్గం మీద చెయ్యి వేయనివ్వలేదు. ఆ షరతే లేకపోతే ఆ గుమ్మంలోకి నన్ను రానిచ్చేవారే కాదని అప్పుడర్థమైంది. మర్నాడే రేపల్లె వెళ్లాను. ఆఫీసరు గారు వాకిట్లో కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. నేను ఏదో చెప్పబోయేలోపే, "మీ పిన్నిగారు గోంగూర పచ్చడి చేసింది, ముందు భోంచెయ్యి," అన్నారు. ఎప్పుడూ అండీ అనే మనిషి, ఆ రోజు మొదటిసారి నన్ను 'నువ్వు' అన్నారు. క్షమించమని అడగాల్సిన అవసరం నాకు రానివ్వలేదు.

మంగళవారం నేను వెళ్లేసరికి ఆయన్ని అదే వాకిట్లో పడుకోబెట్టారు. పిన్నిగారు నా తల నిమిరి పక్కన కూర్చోబెట్టుకున్నారు. మధ్యాహ్నానికి ఈపురుపాలెం వాళ్లు వచ్చారు. నేను ఇద్దరికే కబురు చేశాను. వచ్చింది ఒక వ్యాను నిండా. ఆయన పట్టుకున్న కొట్ల కథలు తెలిసిన పెద్దవాళ్లూ, మా యంత్రం పెట్టుకున్నవాళ్లూ. సుబ్బాయమ్మ గారు సంచిలోంచి తెల్లటి తాను తీశారు. ఎవరికోసం నేస్తున్నదో, అప్పటికప్పుడు మగ్గం మీంచి కోసినట్టు చివర దారాలు ఇంకా వేలాడుతున్నాయి. ఇద్దరు పట్టుకుని ఆయన మీద కప్పారు.

పాడె లేపి వీధి మలుపు తిరుగుతుంటే కాలవ వైపు నుంచి గాలి కొట్టి ఆ బట్ట అంచు లేచింది. సుబ్బాయమ్మ గారు గబగబా నాలుగడుగులు వేసి ఆ అంచు అందుకున్నారు. సరిచేసి వదిలేస్తారనుకున్నాను. వదల్లేదు. నేత సరిగా పడిందో లేదో చూసుకుంటున్నట్టు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దాన్ని తడుముతూ, ఊరి చివరిదాకా పక్కనే నడిచారు.