ఎడమకాలి చెప్పు

ఎనభైల్లో ఒక ఎండాకాలం మధ్యాహ్నం. యానాంలో ద్రాక్షారామం బస్సెక్కితే నా పక్కన యాభై ఏళ్ల మనిషి కూర్చున్నాడు. మాటిమాటికీ వంగి తన ఎడమ పాదం చూసుకుంటున్నాడు. దెబ్బ తగిలిందా అని అడిగాను.

“లేదండి. చెప్పు ఉందో లేదో చూసుకుంటున్నానండి. కాలికి తెలీదు.”

ముప్పై ఏళ్లు నిలబడి ఇస్త్రీ చేసి చేసి పిక్కల మీద నరాలు ఉబ్బిపోయాయట. వాటికోసం మడమ పక్కన ఇంజక్షన్ చేయించుకున్నాడట.

“సూది దిగగానే అరికాల్లోకి నిప్పు పాకినట్టయిందండి. మంటగా ఉందా అని డాక్టరుగారు అడిగారు కూడా. అంత పెద్దాయనతో ఏమంటాం? మొహమాటపడి లేదండి అన్నాను. మందంతా ఎక్కించేశారు. ఆ సాయంత్రం నుంచి పాదం మొద్దుబారిపోయిందండి. ఆయన్ని అనడానికేం లేదు. అడిగారు కదా.”

మాటల్లో పడి, తను దిగాల్సిన కనకాలపేట వచ్చింది కూడా చూసుకోలేదు. హడావిడిగా దిగిపోయాడు. అప్పుడు సీటు కింద ఆయన చెప్పు కనిపించింది. కిటికీలోంచి చూస్తే, కాలిపోతున్న తారురోడ్డు మీద ఉత్త ఎడమకాలితో నింపాదిగా నడిచి వెళుతున్నాడు.

గట్టిగా కేకేస్తే వినపడేంత దూరమే. బస్సు నిండా జనం. మొహమాటపడి కూర్చుండిపోయాను.