కెనడాలో మా తాతను వెతికిన వైనం

తెల్లజుట్టు కెనడా దొరసానిని సముద్రాలు దాటించి, మండుటెండల మే నెలలో ముసునూరు రప్పించి, చర్చి నిండా జనం చూస్తుండగా మైకులో "ఈవిడ మా రక్తసంబంధి" అని ప్రకటించి, ఆ సంబంధాన్ని పావుగంటలో పోగొట్టుకున్న ఘనత మా వంశంలో నాకొక్కదానికే దక్కింది. మీరు నవ్వుకోవడానికే చెబుతున్నాను కాబట్టి మొహమాటపడకండి. మా ఊరివాళ్ళు అసలు పడలేదు.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. ఆగిరిపల్లిలో ఓ ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచర్ని. రోజూ ముసునూరు నుంచి స్కూటీ మీద వెళ్ళి, చరిత్రకు ఆధారాలు ఎంత ముఖ్యమో పదో తరగతికి గొంతు చించుకుని చెప్పి వచ్చేదాన్ని. వాళ్ళు వినలేదు. నేనూ వినలేదని తర్వాత తేలింది.

మా అమ్మమ్మకు తాతగారు ఒకాయన ఉండేవారు. పేరు దేవదాసు. ఇంట్లో అందరూ ఆయన్ని "కెనడా తాత" అనేవారు. ఎందుకని అడిగితే మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఓ సంక్రాంతి సెలవుల్లో అమ్మమ్మ పాత పెట్టె సర్దుతుంటే ఆయన పాత బైబిలు దొరికింది. చివరి పేజీలో పెన్సిలుతో ఒక్క వాక్యం: "దేవదాసునకు కెనడాలో పని కుదిరెను. దేవునికి స్తోత్రము."

మామిడికాయలు తప్ప మరేదీ ఎగుమతి కాని మా ప్రాంతం నుంచి, ఆ రోజుల్లోనే, మా తాత కెనడా వెళ్ళాడా!

పాత రికార్డులు చూపించే వెబ్‌సైట్లు ఉంటాయని విన్నాను. ఒకదానిలో దూరాను. పది రోజులు తిండి, నిద్ర, అమ్మ తిట్లు అన్నీ పక్కన పెట్టి ఓడ ప్రయాణికుల జాబితాలు, జనాభా లెక్కలు, చర్చి పుస్తకాలు జల్లెడ పట్టాను. ఆ చేతిరాతలు చూస్తే మా డాక్టరుగారి చీటీలు ముత్యాల్లా అనిపించాయి. పదకొండో రోజు కెనడా జనాభా లెక్కల కాగితం ఒకటి కళ్ళబడింది. జాన్ డేవిడ్‌సన్. వృత్తి, వంట. పుట్టిన దేశం, ఇండియా.

"అమ్మా! దొరికాడు!" అని అరిచాను.

అమ్మ చేతిలో గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "ఎవడే? దొంగా?"

"కెనడా తాత! ఇదిగో, డేవిడ్‌సన్."

"మన తాత పేరు దేవదాసు కదే."

"దేవదాసు అంటే అక్కడి గుమాస్తాకి నోరు తిరగలేదమ్మా. దేవదాస్, డేవిడాస్, డేవిడ్‌సన్. అలా మారిపోయింది."

అమ్మ గరిటె దించేసింది. "చదువుకున్నదానివి, నువ్వు చెప్తే సరే" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ మాట అనకుండా గరిటెతో ఒక్కటి వేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది.

అదే వెబ్‌సైట్లో ఆ డేవిడ్‌సన్ మనవరాలు ఒకావిడ ఉంది. పేరు మార్గరెట్. డెబ్భై దాటిన వయసు. మా తాతల చరిత్రంతా వివరంగా రాసి, "మనం బంధువులం" అని మెయిల్ పెట్టాను. వారం తిరక్కుండా జవాబు. "మా తాత ఇండియాలో పుట్టాడని విన్నాను. అంతకు మించి తెలియదు. మేలో ఇండియా వస్తున్నాను. మిమ్మల్ని కలవచ్చా?"

కలవచ్చా అంటే? నేను ఊరంతా చాటింపు వేయడం ఒక్కటే తక్కువ. మా పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, ఆదివారం ఆరాధన తర్వాత సభ పెట్టించమని అడిగాను. ఆయన నెమ్మదస్తుడు. అంతా విని, "మన చర్చి సమాధుల రిజిస్టరు ఓసారి చూశావా ప్రశాంతీ? బీరువాలోనే ఉంది" అన్నారు.

"కెనడా ప్రభుత్వం రికార్డే దొరికాక మన బీరువా ఎందుకండీ?" అన్నాను. అంత తెలివిగా మాట్లాడిన రోజు మళ్ళీ రాలేదు.

మా చిన్నమ్మమ్మ సారమ్మ, అంటే అమ్మమ్మ చెల్లెలు, తొంభైకి దగ్గరగా ఉన్న మనిషి, మా ఇంటి పక్కిల్లే. నేను వరండాలో వంశవృక్షం చార్టు గీస్తుంటే వచ్చి కూర్చుని, "ఏం రాస్తున్నావే?" అని అడిగింది.

"నీకు అర్థం కాదులే చిన్నమ్మమ్మా. అంతా ఇంగ్లీషు" అన్నాను.

"అలాగేలే" అని ఆవిడ వక్క నములుకుంటూ వెళ్ళిపోయింది. ఆ తాతను కళ్ళారా చూసిన ఆఖరి మనిషి ఆవిడ అన్న సంగతి, ఆధారాల మీద అన్ని పాఠాలు చెప్పిన నాకు తట్టలేదు.

మార్గరెట్ వచ్చింది. ఆరడుగుల మనిషి. టమాటాలాంటి మొహం, నీలం కళ్ళు. కారు దిగగానే మా వాళ్ళు ఆవిడలో పోలికలు ఏరుకోవడం మొదలుపెట్టారు. "ఆ ముక్కు చూడండి, అచ్చం మా పెదనాన్నదే" అని ఒకరు. "నడక మన వంశానిదే" అని ఇంకొకరు. పాపం, ఆవిడ మోకాళ్ళ నొప్పితో కుంటుతోంది.

అమ్మ నన్ను పక్కకు లాగింది. "ఆ కళ్ళేంటే, నీలంగా ఉన్నాయి?"

"అక్కడి చలికి అలా మారతాయమ్మా."

ఈ మాట నేను నిజంగా అన్నాను. పిల్లలకు పాఠాలు చెప్పే మనిషిని.

ఆదివారం చర్చి ముందు షామియానా, గేటుకు నిలువెత్తు ఫ్లెక్సీ. "కెనడా దేవదాసుగారి వంశ సమాగమం" అని రాయించి, పక్కన నా ఫొటో కూడా వేయించుకున్నాను. ప్రొజెక్టరు పెట్టి, ముసునూరు నుంచి కెనడాకు ఎర్రటి బాణం గీసి, అరగంట ఉపన్యసించాను. తాత ఓడలో పడ్డ కష్టాలు వర్ణిస్తుంటే ముందు వరసలో ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. ఆ కష్టాలు ఏ రికార్డులోనూ లేవు. అప్పటికప్పుడు నేనే పడ్డాను.

చివరికి మార్గరెట్ చెయ్యి పట్టుకుని, ముందు కుర్చీలో ఉన్న చిన్నమ్మమ్మ దగ్గరికి తీసుకెళ్ళి మైకులో అన్నాను: "చిన్నమ్మమ్మా, ఈవిడ నీ చెల్లెలు!"

చిన్నమ్మమ్మ కళ్ళజోడు సవరించుకుని ఆవిడను కింద నుంచి పై దాకా చూసింది. చూడ్డానికి చాలాసేపే పట్టింది.

"ఎవరి తాలూకు?"

"మీ తాత మనవరాలు. దేవదాసు తాత కెనడా వెళ్ళి, అక్కడ పెళ్ళి చేసుకున్నాడు కదా!"

"మా తాతా? మళ్ళీ పెళ్ళెప్పుడు చేసుకున్నాడే? రోజూ పొద్దు గుంకేసరికి ఇంటికొచ్చి అన్నం తినేవాడుగా!"

మైకు నా చేతిలో ఉంది, ఆవిడ నోటి ముందు ఉంది. షామియానా చివర్లో మంచినీళ్ళు పోస్తున్నవాళ్ళకు కూడా స్పష్టంగా వినబడింది.

"కెనడా నుంచా?" అన్నాను పీలగొంతుతో.

"ఆఁ, కెనడా నుంచే. ఊరి చివర నూజివీడు రోడ్డులో ఉండేది. కెనడా నుంచొచ్చిన దొర ఎవరో మామిడితోట వేశాడు. ఆ తోటనే కెనడా అనేవాళ్ళం. తాత అక్కడ మామిడి మొక్కలకు అంట్లు కట్టేవాడు. సాయంత్రం వస్తూ రసాలు తెచ్చి నా ఒళ్ళో పోసేవాడు. ఇప్పుడు ప్లాట్లు వేశారుగా, అదే."

జనం ఒక్కసారిగా గొల్లుమన్నారు. కళ్ళు తుడుచుకున్న ఇద్దరూ అందరికంటే గట్టిగా నవ్వారు. పాస్టరుగారు చప్పుడు చేయకుండా లోపలికి వెళ్ళి రిజిస్టరు తెచ్చి నా ముందు తెరిచారు. "దేవదాసు, తోటమాలి" అని ఉంది. చర్చి వెనకాలే సమాధి. నేను ఉపన్యసించిన చోటికి ఇరవై అడుగులు ఉండదు.

మార్గరెట్ నా భుజం తట్టి, "పెద్దావిడ ఏమంటున్నారు?" అని ఇంగ్లీషులో అడిగింది.

"మిమ్మల్ని ఆశీర్వదిస్తున్నారు" అన్నాను.

పాస్టరుగారు దేవుని సేవకులు. అబద్ధం ఆడనిస్తారా? చక్కని ఇంగ్లీషులో, ఒక్క ముక్క వదలకుండా, అంతా చెప్పేశారు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. చీలలేదు. అంత దూరం నుంచి, ఆ మోకాళ్ళతో, తనవాళ్ళు దొరికారని వచ్చిన మనిషి. ఆవిడ మొహం వంక చూడలేకపోయాను. "క్షమించండి, మీకు చాలా అన్యాయం చేశాను" అన్నాను. ఈసారి నటన కాదు.

ఆవిడ తాపీగా కుర్చీ లాక్కుని చిన్నమ్మమ్మ పక్కన కూర్చుంది.

"అమ్మాయీ, నేను ముప్ఫై ఏళ్ళు రికార్డుల ఆఫీసులో పనిచేశాను. నువ్వు చూసిన కాగితంలోనే, పక్క గడిలో, తల్లిదండ్రులు పుట్టింది స్కాట్లాండులో అని ఉంది. నువ్వు పక్క గడి చదవలేదు. నీ మొదటి మెయిల్‌తోనే నాకు అర్థమైంది."

"మరి... మరి ఎందుకొచ్చారండీ?"

"ఇండియా ఎలాగూ వస్తున్నాను. పైగా ఆ మెయిల్‌లో నువ్వు మా తాత గురించి నాలుగు లైన్లు రాశావు. మామిడిపళ్ళ గురించి మూడు పేజీలు రాశావు."

చిన్నమ్మమ్మకు ఆ మాట తెలుగులో చెప్పాను. ఉన్నదున్నట్టే చెప్పాను, బుద్ధి వచ్చింది కాబట్టి. ఆవిడ వెంటనే అమ్మను కేకేసింది. "ఒసే, చెల్లెలు కాకపోతే మానె! ఆకలి మీద ఉంది. చిన్నరసాల బుట్ట ఇలా పట్రా!"

ఆ మధ్యాహ్నం షామియానా కింద వాళ్ళిద్దరూ కూర్చుని రసాలు పిసుక్కుని తాగారు. ఒకావిడకు తెలుగు రాదు, ఇంకొకావిడకు ఇంగ్లీషు రాదు. మోచేతుల దాకా కారుతున్న రసాన్ని చూసుకుని ఇద్దరూ పగలబడి నవ్వారు. మధ్యమధ్య చిన్నమ్మమ్మ నా వైపు చూపించి ఏదో అనేది. భాష రాకపోయినా మార్గరెట్‌కు అది బాగానే అర్థమయ్యేది. నేను మాత్రం నిచ్చెనెక్కి ఫ్లెక్సీ విప్పుతున్నాను. నా ఫొటో ఉన్న వైపు ముందు విప్పాను.

కాబట్టి మహాజనులారా, మీ అందరి సమక్షంలో, చేతిలో చాక్‌పీసు పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళు బతికుండగా వాళ్ళను అడగకుండా ఏ కాగితమూ ముట్టను. ముట్టినా పక్క గడి చదవకుండా మైకు పట్టను. పట్టినా చిన్నమ్మమ్మ నోటి ముందు పెట్టను.

ప్రమాణం నిలబెట్టుకుంటున్నాను కూడా. పెళ్ళయ్యాక ఓ రోజు, చాట్రాయిలో మా అత్తగారింట్లో, మా ఆయన మంచి హుషారు మీదున్నారు. "మా ముత్తాతగారు రంగూన్ వెళ్ళి అక్కడే స్థిరపడ్డారట. నీకు ఈ రికార్డులు వెతకడం వచ్చుగా, కాస్త చూసిపెట్టు" అన్నారు.

నేను చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాను.

"చూద్దాం గానీ, ముందు ఒక్క సంగతి చెప్పండి. రంగూన్ అంటే చాట్రాయిలో ఏ వీధండీ?"