రెండు వానాకాలాలు

ఆనేకల్ నుంచి మార్కెట్టుకు వచ్చే బస్సు బొమ్మనహళ్ళి దగ్గర అరగంటగా ఆగి ఉంది. ఫోన్ తీసి, మూడేళ్ళుగా నాతో మాటల్లేని మా తమ్ముడి నంబరు చెరిపేద్దామని చూస్తున్నాను. కోపంతో కాదు. అలసిపోయాను.

పక్క సీటులో ఒకామె ఒళ్ళో సంచి పెట్టుకుని కునికిపాట్లు పడుతోంది. బస్సు ఒక్క కుదుపు కుదిపి మళ్ళీ ఆగేసరికి సంచిలో ఏవో రేకు బిళ్ళలు గలగలమన్నాయి. ఆమెకు మెలకువ వచ్చింది.

"అడవిలో చెట్లకు కొట్టే నంబర్లన్నా" అంది. కార్చిచ్చు తరువాత అడవి ఏమవుతుందో పరిశోధన చేస్తోందట. గోళ్ళ నిండా మసి.

"చచ్చిపోయిన చెట్లను లెక్కబెట్టేదేనా అమ్మా నీ పని?"

"కాలిన ఏడాదే చచ్చిందని రాయము అన్నా. రెండు వానాకాలాలు చూస్తాము. పైకి బొగ్గు మాదిరి ఉండాది, లోపల వేరు బతికి ఉంటాది. చిగురు పెట్టొచ్చు."

"అప్పటికీ పెట్టకుంటే?"

"చచ్చిందని రాసి బిళ్ళ పీకేస్తాము." కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. "ఒక్క చెట్టుకు మాత్రం నాలుగేళ్ళయినా పీకలేదు. చెయ్యి రాలేదన్నా. పోయినప్పుడల్లా లోపల పచ్చి ఉండాదేమోనని బెరడు గోటితో గీకి చూసి వస్తాను."

బస్సు కదిలింది. ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుంది. నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

ఆ తరువాత రెండు వానాకాలాలు గడిచిపోయాయి. ఉగాదికీ దీపావళికీ తమ్ముడికి నేనే ఫోన్ చేస్తాను. ఎత్తడు.

మోగడమైతే ఇంకా మోగుతోంది.