సిమ్ములేని ఫోన్లు

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ వయసులో నన్నెవరైనా అనుమానిస్తే ఒళ్ళు మండిపోయేది. మదనపల్లెలో అది నా మొదటి ఉద్యోగం. వెబ్‌సైట్లు చిన్న ఫోన్లో, పెద్ద ఫోన్లో, ట్యాబ్‌లో సరిగ్గా కనిపిస్తున్నాయో లేదో చూడడమే పని. ఆఫీసుకు సున్నాలేస్తున్నారని కొన్నాళ్ళు ఇంటి నుంచే చెయ్యమని, ఒక ట్యాబూ రకానికొకటి చొప్పున ఎనిమిది పాత ఫోన్లూ సంచిలో వేసి ఇచ్చారు. (ఒకదాని వీపుకు రబ్బరు బ్యాండు ఉండేది, తీస్తే బ్యాటరీ ఊడిపడేది.) మంచం మీద వాటిని పరుచుకుని ఒక్కొక్కటే అడ్డంగా, నిలువుగా తిప్పుతుంటే మా ఇంటి ఓనరమ్మ కిటికీలోంచి చూసింది. పుట్టినూరు పుంగనూరు కాబట్టి ఆమెను వీధంతా పుంగనూరమ్మ అనేది. నేరుగా కుప్పంలో ఉన్న మా నాయనకు ఫోన్ చేసింది: "అప్పా, నీ కూతురి కాడ ఎనిమిది ఫోన్లు ఉండాయి. ఒక్క ఆడబిడ్డకి అన్ని ఏల? నువ్వే వచ్చి సూసుకో."

ఈననున్న ఆవును అమ్మకు అప్పగించి, మర్నాడు మధ్యాహ్నానికల్లా నాయన దిగాడు. "గుడ్డలు సర్దుకో, ఊరికి పోదాం" అన్నాడు కూర్చోకుండానే. నాకు ఏడుపొచ్చింది. "ఇది నా పని నాయనా! కావాలంటే చూడు, వీటిలో సిమ్ములే లేవు" అన్నాను. అదే కొంప ముంచింది. "సూస్తివా అప్పా, సిమ్ములు పీకి దాసిపెట్టిండాది!" అంది పుంగనూరమ్మ. నాయన ఒక్కో ఫోన్ తీసి లోపల పేర్లు వెతికాడు. "ఎవురి పేరూ లేదే... అన్నీ తుడిపేసినావా?"

ఇక మాటలతో కాదని, నేను పరీక్షిస్తున్న చీరల కొట్టు సైటు తెరిచి అన్నీ వాళ్ళ ముందు పెట్టాను. ట్యాబ్‌లో చీర నిండుగా ఉంది. చిన్న ఫోన్లో అంచు తెగిపోయి, కొనే బటను ఎక్కడికో జారిపోయింది. "ఇట్లాంటివి పట్టుకుంటే వాళ్ళు సరిచేస్తారు" అన్నాను. పుంగనూరమ్మ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఈడ పచ్చగా ఉండాది, ఆడ నీలంగా ఉండాది. ఏది నమ్మేది పాపా?" (అనుమానం నా మీద నుంచి చీర మీదికి మళ్ళింది.) నాయన మాత్రం "దీనికి జీతమిస్తారా?" అని మళ్ళీ మళ్ళీ అడిగి, "అట్లయితే ఆ ఆఫీసోళ్ళ మీదనే నాకు అనుమానంగా ఉండాది" అన్నాడు. కానీ గుడ్డలు సర్దే మాట ఎత్తలేదు.

సాయంత్రం బస్సెక్కుతూ, "అన్ని ఫోన్లుండి ఏం లాభం? నేను చేస్తే మోగేదానికి ఒకదాంట్లోనన్నా సిమ్ము ఏసుకో తల్లీ" అన్నాడు. నా సొంత ఫోన్ వేరే ఉంది, నంబరే కొత్తదంటే నమ్మలేదు. ఉక్రోషంతో అక్కడే నిలబడి నా ఫోన్లో ఆయన నంబరు నొక్కాను. కిటికీ పక్కన కూర్చున్న నాయన ఫోన్‌ను బారెడు దూరం పెట్టి చూసి, ఎత్తి, "ఎవురు?" అన్నాడు అనుమానంగా.

"నేనే నాయనా" అన్నాను. ఏడుపుతో బిగుసుకున్న ఆనాటి నా మొహం మీదికి అప్పుడు గానీ నవ్వు రాలేదు.