బక్లావా ఎవరిది?

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఉన్నా ఒప్పుకునేవాణ్ణి కాదు. (మా అమలాపురంలో దారి అడిగితే తెలియదనే మొనగాడెవడు? తెలియకపోయినా వేలు చూపించి తీరతాం.) ఆ పొగరుతోనే ఎమ్మెస్సీ చదవడానికి లండన్ వచ్చి, అక్కడి హౌన్స్‌లోలో ఒక టర్కీ ఆంటీ మిఠాయి కొట్లో వారం రోజుల ట్రయల్ మీద చేరాను. ఆ పని నిలబడకపోతే రూమ్ ఖాళీ చేసి స్విండన్‌లో మా బావ ఇంటి సోఫా మీద పడాలి, రోజూ అక్కణ్ణుంచి రైల్లో కాలేజీకి రావాలి. అందుకని కస్టమర్లను దేవుళ్ళలా చూసుకునేవాణ్ణి.

కొట్లో అసలు సరుకు బక్లావా. మన పూతరేకుల్లా పల్చటి పొరలు, మధ్యలో పిస్తా పలుకులు, పైన పాకం. కొన్నవాళ్ళు తిని ఊరుకోవచ్చు కదా! "ఈ బక్లావా అనే మాట ఎక్కడిది బాబూ?" అని ఆరా తీసేవాళ్ళు. తెలియదంటే పరువు పోదూ? గ్రీకు తాతగారు అడిగితే "మీదేనండీ" అన్నాను. ఆయన మురిసిపోయి ఇంకో పెట్టె కట్టించుకున్నారు. లెబనాన్ ఆవిడ అడిగితే "అచ్చమైన అరబ్బీ" అన్నాను. ఆవిడా ఇంకో పెట్టె! ఇక నాకు తిరుగులేదనుకున్నాను.

ట్రయల్ ఆఖరి రోజు ఇద్దరూ క్యూలో ముందూ వెనకా నిలబడి కబుర్లలో పడ్డారు. "బక్లావా అంటే మా మాటేనమ్మా, ఈ అబ్బాయే చెప్పాడు" అన్నారు తాతగారు. "అదేమిటి? నాతో మాదన్నాడే!" అందావిడ. ఇద్దరూ నా మీదికి తిరిగారు. గొడవ విని లోపల్నుంచి పిండి చేతులతో ఆంటీ వచ్చారు. అయిపోయింది, బావ సోఫా ఖాయం అనుకున్నాను.

"ఏదీ, ఇప్పుడు చెప్పు. ఎవరిది?" అన్నారు ఆంటీ.

"క్షమించండి. నాకు తెలీదు" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

"మా టర్కీ భాషలోంచే మీ అందరికీ పాకింది" అని ఆంటీ వాళ్ళకు చెప్పారు. "అంతకుముందు సంగతి పండితులకే తేలలేదు. చుట్టడం, కట్టడం అనే అర్థమున్న మంగోలు మాట నుంచి వచ్చిందని కొందరంటారు."

"మంగోలులా!" అని ఇద్దరూ ఒక్కసారే నోరెళ్ళబెట్టారు. ఆ తర్వాత ఒకే పక్షమైపోయారు.

"సోమవారం పెందలాడే రా అబ్బాయ్" అన్నారు ఆంటీ నా వైపు తిరిగి. "ఒక్క నిజం చెప్పడానికి వారం పట్టింది నీకు. పాకం నేర్చుకోవడానికి ఎన్నేళ్ళు పడుతుందో!"

ఇప్పుడు ఆఫీసులోనూ ఇంట్లోనూ తెలియదని తేలిగ్గానే అనేస్తాను. హోంవర్క్ పట్టుకొచ్చిన మా అమ్మాయి "డాడీ, డు యూ నో ఎనీథింగ్?" అని నవ్వుతుంది. మిఠాయి కొట్లోని ఆనాటి కుర్రాడైతే ఏదో ఒకటి చెప్పి పడేసేవాడు. నిజం చెప్పొద్దూ, వాడంటే నాకిప్పటికీ కాస్త అసూయే.