ఓవీడ్ టోపీ ఎత్తిన చోట

ఆ ఉదయం సిప్రియన్ దుగాకు మంచం దిగడమే పెద్ద పనైంది. న్యూ ఆర్లీన్స్‌లో సగం ఇళ్ల గోడలకు సున్నం పూత పూసిన భుజాలు, సాయంత్రాలు క్లారినెట్ ఊదిన గుండె కూడబలుక్కుని ఇక మా వల్ల కాదంటున్నాయి. పై వరుసలో మిగిలినవి రెండు పళ్లు. క్లారినెట్‌ను నోట పట్టి నిలిపేవి అవే. వాటిని నమ్ముకునే ఇవాళ నేస్తం ఓవీడ్‌ను సాగనంపాలి.

"నిన్న బీన్సు అన్నం ముట్టలేదు. కాఫీ అన్నా తాగి చావు," అంది భార్య లియోంటీన్.

"ఇవాళ చావు ఓవీడ్ వంతు. ఇద్దరం ఒక్కసారే పోతే వాయించేదెవరే?"

ఆమె నవ్వలేదు. ఓవీడ్ ఆఖరి కోరిక అడిగినప్పుడు ఆమె కూడా ఆ మంచం పక్కనే ఉంది.

ఓవీడ్ బాకా ఊదేవాడు, బృందానికి నాయకుడు. కుర్రతనంలో అతను కట్టిన పాట "జోసెఫా". జోసెఫా వాళ్లమ్మ. ఊరి బట్టలన్నీ ఇస్త్రీ చేస్తూ ఆమె తీసే కూనిరాగాన్ని పాట మధ్యలో పెట్టాడు. అక్కడ అందరూ ఆగిపోతే క్లారినెట్ ఒక్కటే దాన్ని పలకాలి.

ఆ రోజుల్లో ఉత్తరాది నుంచి రికార్డుల వాళ్లు యంత్రం మోసుకొచ్చారు. గోదాము కిటికీలు మూసేసి, బృందాన్ని శబ్దం పట్టే పెద్ద గరాటు ముందు నిలబెట్టారు. మైనపు పలక తిరగడం ఆగేలోపు పాట అయిపోవాలి. లోపల ప్రాణం పోయే ఉక్క. సరిగ్గా కూనిరాగం అందుకోవాల్సిన చోట ఓవీడ్ చెమట తుడుచుకోవడానికి టోపీ ఎత్తాడు.

ఈ ఊరి శవయాత్రల్లో ముందు నడిచేవాడు టోపీ ఎత్తితే వాయిద్యాలు ఠక్కున ఆగాలి. సిప్రియన్ నడక నేర్చిందే ఆ యాత్రల వెనక. బుర్రకు తెలిసేలోపే ఊపిరి ఆగిపోయింది. కూనిరాగం ఉండాల్సినంత సేపూ నిశ్శబ్దం. తర్వాత మిగతావాళ్లు అందుకుని పాట ముగించారు. మళ్లీ వాయించిన పలక దారిలో ఎండకు కరిగి పాడైపోయింది. లోకంలోకి వెళ్లింది ఆ మొదటిదే.

జనం ఆ నిశ్శబ్దానికి పడి చచ్చారు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపి, పాట మళ్లీ అందుకోగానే గంతులేసేవారు. కుర్ర వాద్యగాళ్లు అలా ఆగడాన్ని సాధన చేసేవారు. ఒకసారి సిప్రియన్ కూనిరాగం వాయించబోతే డాన్సు హాలు యజమాని మండిపడ్డాడు, రికార్డులో ఉన్నట్టు వాయించమని. చేసిన పొరపాటుకు జీవితమంతా మెప్పులు మోయడం సిప్రియన్‌కు సున్నం తట్టలు మోయడం కన్నా బరువైంది.

ఓవీడ్ మాత్రం కొంచెం తాగినప్పుడల్లా అనేవాడు. "మా అమ్మను మింగేశావు కదరా."

"టోపీ ఎత్తిందెవడ్రా?"

"చెమట పట్టింది మరి. ఏం చెయ్యమంటావు?"

పోయే ముందు మాత్రం తిట్టలేదు. సిప్రియన్ చెయ్యి పట్టుకున్నాడు. "నా వెనకాల ఒక్కసారి పూర్తిగా వాయించరా. అమ్మ నాతో వస్తుంది."

సమాధి దగ్గర పని ముగిసింది. ఇక ఈ ఊరి ఆచారం ప్రకారం ఆడుతూ పాడుతూ తిరిగి రావాలి. ముందు నడిచే ఆసామి "జోసెఫా" అన్నాడు. సిప్రియన్‌కు భయం వేసింది. ఆ చోటు రాగానే ఆసామి టోపీ ఎత్తుతాడు, ఇప్పుడదే ఆనవాయితీ. టోపీ కంటబడితే తన ఊపిరి తన మాట వినదు.

"నా మోచెయ్యి పట్టుకో," అన్నాడు లియోంటీన్‌తో. "కళ్లు మూసుకుని నడుస్తా."

"పడితే నీతోపాటు నేనూ పడాలి."

"పడదాం."

ఆడేవాళ్ల చేతుల్లో గొడుగులు ఊగాయి, అడుగులు లేచాయి. కాళ్లు పీకుతున్నాయి. గుండెలో గాలి చాలడం లేదు. ఆ చోటు వచ్చింది. వాయిద్యాలన్నీ ఆగాయి, వీధి ఆగింది. సిప్రియన్ కళ్లు తెరవలేదు, ఊదాడు. మొదటి స్వరం పళ్ల సందున జారింది. రెండోది నిలబడింది. ఆ తర్వాత ముసలి జోసెఫా ఇస్త్రీ బల్ల ముందు కూనిరాగం తీస్తూ నిలబడింది, బట్టల ఆవిరి వాసనతో సహా. సిప్రియన్ ఏడుస్తూనే దాన్ని చివరిదాకా లాక్కొచ్చాడు. బాకాలు అందుకున్నాయి.

కళ్లు తెరిచేసరికి గొడుగు పట్టుకున్న ఒకావిడ అతన్నే జాలిగా చూస్తోంది.

"పాపం పెద్దాయన," అంది పక్కావిడతో. "వయసైపోయింది. ఆగడం మర్చిపోయాడు."

లియోంటీన్ గయ్యిమనబోయింది. సిప్రియన్ ఆమె చెయ్యి నొక్కాడు.

"అవునమ్మా," అన్నాడు. "ఈసారి మర్చిపోయా."