గురజాలలో నాపరాళ్ల కప్పు, ఒకే గోడకు మూడు గొట్టాలు

మా బండి మెకానిక్ ఖాసిం ఫోన్ చేసి, గురజాలలో తన ఇంటి నాపరాళ్ల కప్పు మీద రేకుల గది వేయొచ్చా అని అడిగాడు. కూతురు షాహీన్ టైలరింగ్ షాపుకు ఆ గది కావాలి. నేను కట్టడాల ఇంజినీరుని. నా ముందు రెండు దారులున్నాయి. ప్రతి రాయినీ, ప్రతి అతుకునీ కంప్యూటర్‌లో గీసి లెక్కించడం ఒకటి. దానికి వారం పని, పైగా సాఫ్ట్‌వేర్ అద్దె. రాయిని రెండు దూలాల మీద ఆనిన పలకగా అనుకుని కాగితం మీద అరగంటలో తేల్చడం రెండోది. మొదటిదే చేయాలని నాకు మహా ఉబలాటం. అయినా చూడకుండా ఎలా అని పొద్దున్నే నరసరావుపేటలో బస్సెక్కాను.

పిడుగురాళ్ల మీదుగా సుమారు రెండు గంటలు. ఛార్జీ రెండు వందల లోపే, దారిలో టీకి కూడా ఆపుతారు. గురజాల బస్టాండు దగ్గర ఆటో ఎక్కితే, డ్రైవర్ నా చేతిలో టేపు చూసి, "ఏంది సారూ, స్థలం కొలతలకా?" అన్నాడు. కప్పు చూడటానికన్నాను. నాపరాళ్లకేమైద్దని నవ్వాడు.

ఇంటి వెనక గోడ చూసేదాకా నాకూ అలాగే అనిపించింది. వాననీళ్లు జారే గొట్టాలు ఒకదాని మీద ఒకటి మూడున్నాయి. కింది రెండూ పూడిపోయాయి. ఇవేంటని ఖాసింను అడిగాను. కప్పు కారినప్పుడల్లా పైన ఇంకో పొర సున్నం కాంక్రీటు పోస్తారట, దాంతో గొట్టం కూడా పైకి మారుతుందట. పాతది తవ్వితే రాళ్లు అదురుతాయని ఎవరూ తవ్వరట. అంచు దగ్గర టేపు పెట్టాను. రాయి కన్నా దాని మీది పొరలే నాలుగింతలు మందం.

వాకిట్లో కూర్చుని చిన్న లెక్క వేశాను. గది ఊసు లేకుండానే బరువు హద్దు దాటింది. రాయి బలాన్ని ఎంత ఉదారంగా అనుకున్నా అదే జవాబు.

"గది సంగతి పక్కన పెట్టు తమ్ముడూ. ఈ కప్పు కింద ఎవరూ పడుకోవద్దు," అన్నాను.

ఖాసిం గేటు వైపు చూశాడు. అక్కడ నాలుగో పొరకు తెప్పించిన సున్నం బస్తాలున్నాయి.

"రేపే పోయిద్దామనుకున్నా అన్నా," అన్నాడు మెల్లగా.

షాహీన్ తన షాపు మాటే ఎత్తలేదు. గబగబా లోపలికి వెళ్లి, నిద్రపోతున్న నానమ్మను లేపి బయటికి తీసుకొచ్చింది.

తిరుగు బస్సులో ఒకటే ఆలోచన. ఇంట్లో కూర్చుని వారం పాటు గీసుంటే, ఒక్క పొరే అనుకుని, కప్పు భేషుగ్గా ఉందని రంగుల బొమ్మ పంపేవాణ్ణి. చిన్న లెక్క అవునో కాదో తెగేసి చెప్తే అక్కడ ఆగిపోవచ్చు. అటూ ఇటూ ఊగితేనే పెద్దదానికి ఖర్చు పెట్టాలి. కింద సపోర్టులు పెట్టి పొరలన్నీ తీయిస్తే ఎలా ఉంటుందని చిన్న లెక్క మళ్లీ వేశాను, షాహీన్ గదికి జవాబు సరిగ్గా అలా ఊగుతోంది. అందుకే ఆ వారం పని ఇప్పుడు మొదలుపెట్టాను. మీరు ఇలాంటి ఇల్లు చూడటానికి వెళ్తే, మెట్లెక్కే ముందు ఇంటి వెనక్కి వెళ్లి గొట్టాలు లెక్కపెట్టండి.